రైలుపట్టాలపై వోల్టేజి కొలుచు బండి

బొమ్మరైలుతో ఆడుకొనిన పిల్లలందరికిని తెలిసిన చిక్కు ఒకటి కలదు. బల్లపై పట్టాలను గుండ్రముగా పఱచి, ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు రెండు తీగలను ఒకచోట పట్టాలకు తగిలించి, మీట త్రిప్పినచో ఇంజను చురుకుగా బయలుదేరును. తీగలు తగిలించిన చోటునుండి దూరమగుకొలది దాని వేగము తగ్గును. ఎదుటి వంపు చేరుసరికి ముందరి దీపము మసకబారును. ఒక్కొక్కప్పుడు ఇంజను అచ్చటనే నిలిచిపోవును. చేతితో కొంచెము నెట్టి ఆ వంపు దాటించినచో మరల పరుగెత్తును. ఇంజను చెడిపోయినదని తలచి దానిని విప్పి చూచువారే ఎక్కువ. కాని లోపము ఇంజనులో లేదు, పట్టాలలో నున్నది.

ఈ లోపమును వెదకుటకు నమూనా రైళ్ల అభిమానులు ఒక చిన్న బండిని తయారుచేసికొందురు. దాని చక్రములు రెండు పట్టాలనుండియు విద్యుత్తును గ్రహించును. బండిపై నున్న వోల్టుమీటరు ఆ చోట ఎంత వోల్టేజి యున్నదో చూపును. బండిని మెల్లగా నెట్టుకొనుచు పోయినచో పట్టా పొడవునను వోల్టేజి ఎచ్చట తగ్గినదో, ఎచ్చట తెగినదో తెలిసిపోవును. చూచుటకు ఆటవస్తువే. కాని దాని వెనుక దాదాపు 190 ఏండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఒక కమ్మరి యున్నాడు, ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడున్నాడు, నీటి గొట్టములు తినివేయబడిన నగరములున్నవి, ప్రాణములు కాపాడిన సిగ్నళ్లున్నవి.

కమ్మరి పేరు తామస్ డావెన్‌పోర్ట్. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున బ్రాండన్ అను ఊరిలో కొలిమి పెట్టుకొని జీవించుచుండెను. 1833లో ఒక ఇనుప కర్మాగారమున విద్యుదయస్కాంతము బరువైన ఇనుమును అవలీలగా పైకెత్తుట చూచి ఆశ్చర్యపడి, దానిని కొనెను. ఇంటికి తెచ్చి విప్పి, దాని మర్మము గ్రహించి, తానే మఱికొన్ని అయస్కాంతములను చుట్టెను. తీగచుట్లు ఒకదానికొకటి తగులకుండ మధ్య చుట్టుటకు భార్య ఎమిలీ తన పెండ్లినాటి పట్టు వస్త్రమును చించి ఇచ్చినదని చెప్పుదురు. 1834లో అతని మోటారు తిరిగెను. 1835లో అతడు గుండ్రని పట్టాపై ఒక చిన్న విద్యుద్బండిని నడిపి ప్రజలకు చూపెను. కనుక విద్యుత్తుతో నడచిన తొలి రైళ్లలో ఒకటి బొమ్మరైలే! 1837 ఫిబ్రవరి 25న అతని మోటారుకు 132వ సంఖ్యగల అమెరికన్ పేటెంటు లభించెను. కాని నాటి బ్యాటరీలలో జింకు కరగిపోవు ఖర్చు బొగ్గు ఖర్చుకంటె ఎంతో ఎక్కువ. అతడు దారిద్ర్యముతోనే 1851లో మరణించెను.

1842లో స్కాట్లండు దేశీయుడు రాబర్ట్ డేవిడ్‌సన్ బ్యాటరీలను బండిపైననే మోయించి, ఎడింబరో, గ్లాస్గోల మధ్యనున్న రైలుదారిలో ఒక పెద్ద విద్యుదింజనును నడిపెను. దాని వేగము గంటకు నాలుగు మైళ్లు. మనిషి నడక కంటె ఎక్కువ కాదు. బ్యాటరీని బండిపై మోయుటకంటె దానిని ఒకచోట నుంచి, విద్యుత్తును పట్టాలద్వారా పంపినచో బరువు తగ్గునని పలువురికి తోచెను. పట్టాలను విద్యుద్వాహకములుగా వాడుటకు 1840లోనే ఇంగ్లండులో ఒక పేటెంటు ఇయ్యబడినది. కాని పట్టాలద్వారా పంపిన విద్యుత్తు దూరము పోవుకొలది ఏమగునో తెలియవలెను గదా!

ఆ సంగతి అంతకు ముందే చెప్పినవాడు జార్జి సైమన్ ఓమ్. జర్మనీలోని కొలోన్ నగరమున ఉన్నత పాఠశాలలో గణితము, భౌతికశాస్త్రము బోధించుచుండెను. పాఠశాల ప్రయోగశాలలో నున్న పరికరములతో, తీరిక వేళలలో అతడు చేసిన పని నేటి ఉపాధ్యాయులు కూడ తెలిసికొనదగినది. 1825లో అతని మొదటి ప్రయత్నము సరిగా రాలేదు. అతడు వాడిన ఘటముల బలము ప్రయోగము జరుగుచుండగనే తగ్గిపోవుచుండెను. అందుచే సూత్రము తప్పు రూపములో వచ్చెను. పోగెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సలహాపై ఓమ్ ఘటములను విడిచి, రాగి, బిస్మతు లోహముల జంటను చేపట్టెను. ఒక అతుకును మరుగు నీటిలోను, మఱియొక అతుకును మంచుగడ్డలలోను ఉంచినచో ఆ జంటలో స్థిరమైన విద్యుత్తు పుట్టును. మరుగు నీటి ఉష్ణోగ్రతయు, మంచు ఉష్ణోగ్రతయు మారవు గనుక విద్యుత్తు బలము కూడ మారదు. అప్పుడు వేర్వేరు పొడవులుగల రాగితీగలను ఒకదాని తరువాత ఒకటి కలిపి, వ్రేలాడు అయస్కాంతపు సూది ఎంత తిరుగునో కొలిచెను. 1826లో సరియైన సూత్రము లభించెను. 1827లో గ్రంథముగా వెలువడెను.

వలయములో ప్రవాహమును, నిరోధమును గుణించినచో వోల్టేజి వచ్చునని నేడు ప్రతి విద్యార్థియు వల్లించును. ఓమ్ గ్రంథములో అంతకంటె చక్కని భావన కలదు. విద్యుత్తు ప్రవహించుచున్న తీగ పొడవునను ఆ బలము ఒక వాలువలె క్రమముగా దిగుచుండునని అతడు చెప్పెను. తీగ సన్నగా నున్నచోట వాలు నిటారుగా నుండును. లావుగా నున్నచోట మెల్లగా దిగును. బొమ్మరైలు పట్టాపై నడచు మీటరుబండి చూపునది సరిగా ఈ వాలునే. ఓమ్ గ్రంథమును నాటి జర్మన్ పండితులు పెడచెవిని పెట్టిరి. అతడు ఉద్యోగమును కూడ వదలుకొనెను. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకము ఇచ్చిన తరువాతనే అతని పేరు నలుదెసల ప్రాకెను.

డైనమో వచ్చిన తరువాత విద్యుత్తు చౌక అయ్యెను. 1879లో బెర్లిన్ ప్రదర్శనలో వెర్నర్ సీమెన్స్ సంస్థ 300 మీటర్ల గుండ్రని దారిలో చిన్న రైలును నడిపెను. 150 వోల్టుల విద్యుత్తు పట్టాల మధ్యనున్న మూడవ పట్టాద్వారా వచ్చి, చక్రముల పట్టాలద్వారా తిరిగిపోవుచుండెను. కొద్ది నెలలలో 80 వేలకు పైగా జనము దానిపై ఎక్కి తిరిగిరి. 1881లో బెర్లిన్ శివారున లిక్టర్‌ఫెల్డె అనుచోట వేసిన ట్రాము మఱింత విచిత్రమైనది. అందు మూడవ పట్టా లేదు. చక్రములు నడచు రెండు పట్టాలే 180 వోల్టుల విద్యుత్తును మోసెను. ఒకటి ధనము, ఒకటి ఋణము. నేటి రెండు పట్టాల బొమ్మరైలు ఏర్పాటు అదియే. కాని బొమ్మరైలు పట్టాలపై గుఱ్ఱములు నడువవు. లిక్టర్‌ఫెల్డెలో దారి దాటు చోటుల గుఱ్ఱములకు విద్యుద్ఘాతము తగిలి బెదరుచుండెను. తుదకు విద్యుత్తును పై తీగకు మార్చిరి.

ఇంగ్లండులోని బ్రైటన్ సముద్రతీరమున మాగ్నస్ వోక్ 1883 ఆగస్టు 4న నడిపిన చిన్న రైలు కూడ మొదట రెండు పట్టాలపైననే, 50 వోల్టులతో నడచెను. ఉప్పునీరు పట్టాలపై పడినపుడెల్ల విద్యుత్తు ఒక పట్టానుండి మఱియొక పట్టాకు తడి నేలద్వారా కారిపోవుచుండెను. 1886లో విడిగా మూడవ పట్టా వేయవలసివచ్చెను. ఈ రైలు నేటికిని బ్రైటన్‌లో నడుచుచున్నది.

ఇంతలో నగరములన్నిటను ట్రాములు వ్యాపించెను. విద్యుత్తు పైతీగనుండి దిగి, పట్టాలద్వారా విద్యుత్కేంద్రమునకు తిరిగిపోవలెను. పట్టాల అతుకులు త్రుప్పుపట్టి నిరోధము పెరిగినచో విద్యుత్తుకు పట్టాకంటె పక్కనున్న నీటి గొట్టము సులువైన దారి అగును. గొట్టములోనికి ప్రవేశించుట వలన నష్టము లేదు. గొట్టమునుండి తడిమట్టిలోనికి బయటపడు చోటనే ఇనుము కరగి చిల్లులు పడును. విద్యుద్విశ్లేషణ పాఠములో ఆనోడు కరగిపోవుట విద్యార్థులు చూచియే యుందురు, ఇదియు నదే. 1890 ప్రాంతమున అమెరికా నగరములలో గొట్టములు ఇట్లు నాశనమగుట గమనించిరి. బ్రిటనులో 1894 నాటి ప్రభుత్వ నిబంధనలు, తిరుగుదారి పట్టాలలో ఏ రెండు చోటుల మధ్యను 7 వోల్టులకు మించిన భేదము ఉండరాదని శాసించెను. దాని అర్థమేమో లెక్కవేసి చూడవచ్చును. పట్టాలలో 100 ఆంపియర్లు ప్రవహించునపుడు వాని నిరోధము మొత్తము 0.07 ఓములు దాటరాదు! త్రుప్పుపట్టిన ఒక్క అతుకు చాలును ఈ లెక్కను తారుమారు చేయుటకు. అందుచే ప్రతి అతుకువద్దను రాగితీగ బంధములు వేయుటయు, వోల్టేజిని తఱచు కొలుచుటయు ట్రాము ఇంజనీర్ల నిత్యకృత్యమయ్యెను.

పట్టాలలోని వోల్టేజిని బండి నడుపుటకు గాక, బండి జాడ తెలిసికొనుటకు వాడినవాడు విలియం రాబిన్సన్ అను అమెరికన్. 1872 ఆగస్టు 20న అతనికి పేటెంటు లభించెను. రైలుదారిలో కొంత భాగమును మిగిలిన పట్టాలనుండి విద్యుత్తు పోకుండ వేరుచేసి, ఒక కొనవద్ద చిన్న బ్యాటరీని, మఱియొక కొనవద్ద రిలే అను విద్యుదయస్కాంతమును పట్టాలకు కలుపుదురు. దారి ఖాళీగా నున్నపుడు రిలే తన ఇనుప నాలుకను లాగిపట్టుకొని యుండును. సిగ్నలు దారి యిచ్చును. రైలు ప్రవేశించినంతనే దాని చక్రములు, ఇరుసులు రెండు పట్టాలను కలిపివేయును. రిలేకు విద్యుత్తు అందదు. నాలుక జారిపడి సిగ్నలు ఎఱ్ఱబడును. ఇందలి గొప్పతనము మఱియొకటి. బ్యాటరీ అయిపోయినను, తీగ తెగినను, పట్టా విరిగినను సిగ్నలు ఎఱ్ఱగానే మారును. పరికరము చెడినపుడు ప్రమాదము వైపునకు గాక క్షేమము వైపునకు ఒరగునట్లు కల్పించుట రైల్వే సిగ్నళ్ల శాస్త్రమునకు మూలసూత్రము.

అయితే పట్టాపై చక్రము సరిగా ఆననిచో ఈ ఏర్పాటు రైలును చూడలేదు. పట్టాపై త్రుప్పు, ఇసుక, ఆకులపొర అడ్డుపడుట ఎంత అపాయకరమో దీనివలన తెలియును. వలయములోని పరికరమే తప్పుదారి పట్టుటయు కలదు. 2009 జూన్ 22న వాషింగ్‌టన్ మెట్రోలో ముందు నిలిచియున్న రైలు జాడను పట్టా వలయము గుర్తింపలేకపోగా, వెనుకనుండి వచ్చిన రైలు దానిని ఢీకొని తొమ్మిదిమంది మరణించిరి. మన దేశమున రైల్వే సిగ్నలు ఇంజనీర్లకు శిక్షణ నొసగు సంస్థ 1957లో సికింద్రాబాదునందే స్థాపింపబడినది. పట్టా వలయముల పరీక్ష అందలి ముఖ్య పాఠములలో నొకటి. విద్యార్థులు ఒక్కటి గుర్తుంచుకొనవలెను. ఈ వ్యాసములో చెప్పు పరీక్షలు బొమ్మరైలుకే చెల్లును. నిజమైన రైలుపట్టాలను తాకి కొలువబోవుట నేరము, ప్రాణాపాయము. రెండు పట్టాలకు అడ్డముగా ఒక తీగ పడినను దూరమున ఎచ్చటనో ఒక రైలు నిలిచిపోవచ్చును.

ఇక బొమ్మరైలు కథకు వత్తము. 1891లో జర్మనీలోని మార్క్‌లిన్ సంస్థ పట్టాల వెడల్పులకు సంఖ్యలు నిర్ణయించి, విడివిడి ముక్కలుగా అమ్మసాగెను. అంతకు ముందు ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క కొలత. 1890ల చివర అమెరికాలో కార్లైల్ అండ్ ఫించ్ సంస్థ బ్యాటరీతో నడచు బొమ్మరైళ్లను రెండు పట్టాలపై నడిపెను. 1906లో లయనెల్ సంస్థ మూడు పట్టాల దారిని ప్రవేశపెట్టెను. నడుమ పట్టా ఒక వైపు, ఇరుప్రక్కల పట్టాలు రెండును మఱియొక వైపు అగుటచే, దారి తనపై తాను మళ్లి వచ్చినను ధనము, ఋణము తాకవు. రెండు పట్టాల దారిలో ఈ మలుపు వేసినచో వెంటనే పొట్టివలయము ఏర్పడును.

నాడు బొమ్మలకు ఎంత వోల్టేజి ఈయవలెనో ఎవరికిని స్పష్టముగా తెలియదు. 1925లో ఇంగ్లండులో హార్న్‌బీ సంస్థ అమ్మిన మెట్రోపాలిటన్ అను బొమ్మరైలు ఇంటి విద్యుత్తుకే ఒక బల్బు అడ్డుగా తగిలించి నడుపవలసినది! బల్బు ప్రవాహమును తగ్గించునే గాని, ఇంజను లేనపుడు పట్టాపై ఉన్న వోల్టేజిని తగ్గింపదు. పట్టాను ముట్టుకొనిన పిల్లవాని గతి ఊహించుకొనవచ్చును. ఇట్టి దానిని పిల్లల చేతికిచ్చుట నేటి దృష్టిలో క్షమింపరానిది. త్వరలోనే బొమ్మరైళ్లు తక్కువ వోల్టేజికి దిగెను. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో రైళ్లు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో, మూడు పట్టాలపై నడచెను. 1959లో ఆ సంస్థయు రెండు పట్టాలకు మారెను.

వోల్టేజి తగ్గినపుడు భయము తగ్గెను, చిక్కు పెరిగెను. 200 వోల్టులలో రెండు వోల్టులు అతుకులలో పోయినచో లెక్కలోనికి రాదు. 12 వోల్టులలో రెండు పోయినచో ఆరవ వంతు పోయినట్లే. పైగా పట్టాలకు వాడు నికెల్ వెండి అను మిశ్రలోహమున వెండి లేదు. రాగి, నికెల్, జింకు మాత్రమే. దాని నిరోధము రాగికంటె పది రెట్లకు మించి యుండును. ముక్కకు ముక్కకు నడుమ నున్న రేకు అతుకు వదులైనను, పాచిపట్టినను నిరోధము ఇంకను పెరుగును.

దీనిని కొలుచుటకు పనిముట్టు కావలెను. 1820లో ఓర్‌స్టెడ్ తీగ ప్రక్కన దిక్సూచి తిరుగుట కనిపెట్టిన తరువాత చాలకాలము మీటరులన్నియు దిక్సూచి సూదులే. ఇనుప పట్టాల ప్రక్కన దిక్సూచిని పెట్టినచో అది విద్యుత్తును చూపునా, ఇనుమును చూపునా? 1888లో అమెరికాలోని న్యూవర్క్ నగరమున ఎడ్వర్డ్ వెస్టన్ తయారుచేసిన మీటరు ఈ బాధను తీర్చెను. అందు అయస్కాంతము కదలదు. బలమైన అయస్కాంతము నడుమ సన్నని తీగచుట్ట తిరుగును. బయటి ఇనుము దానిని అంతగా కలతపెట్టదు. సూది త్వరగా నిలుచును, గీతలు సమదూరమున నుండును. వోల్టుమీటరు చేతిలో పట్టుకొని పోగల వస్తువయ్యెను. బండిపై పెట్టుకొనగలిగినదియు అప్పటినుండియే. నేడు గోరంత అంకెల మీటరు కొద్ది ధరకు ఎలక్ట్రానిక్ సామగ్రి దుకాణములలో దొరకును.

బండిని తయారుచేయుట కష్టము కాదు. ప్లాస్టిక్ చట్రము, లోహపు చక్రములుగల పొడవైన పెట్టెను ఎన్నుకొనవలెను. ఇరుసుపై రెండు చక్రములలో ఒకటైనను ఇరుసునుండి వేరుచేయబడి యుండవలెను. లేనిచో రాబిన్సన్ సిగ్నలువలె బండియే పట్టాలను కలిపివేయును. చక్రములకు లోపలివైపు పలుచని కంచు రేకులు ఆనునట్లు బిగించి, కుడి ప్రక్కవానినన్నిటిని ఒక తీగకు, ఎడమ ప్రక్కవానిని మఱియొక తీగకు కలుపవలెను. ఈ రెండు తీగలను నాలుగు డయోడుల రెక్టిఫయరు బ్రిడ్జిద్వారా మీటరుకు చేర్చినచో, ఏ పట్టా ధనమైనను, ఏ దిశలో బండి తిరిగినను మీటరు సరిగా చూపును. డయోడులు ఒకటిన్నర వోల్టు వఱకు మింగును. ఒక చోటును మఱియొక చోటుతో పోల్చుటకు అది అడ్డుకాదు.

ఇంతటితో ఆగినచో బండి అబద్ధము చెప్పును. ఇందే ఓమ్ పాఠము పనికివచ్చును. ఒక అతుకులో 4 ఓముల నిరోధమున్నదనుకొందము. మీటరు నిరోధము 10,000 ఓములైనచో అది గ్రహించు ప్రవాహము అత్యల్పము. ఆ అతుకులో పోవు వోల్టేజి వోల్టులో వెయ్యవవంతులు అయిదు మాత్రమే. మీటరు తగ్గుదల ఏమియు చూపదు, పట్టా బాగున్నదని భ్రమ కలుగును. ఇంజను వచ్చి నిలిచిపోవును. అందుచే బండిలో మీటరుతోపాటు 12 వోల్టుల, 3 వాట్ల చిన్న బల్బును కూడ పట్టాల తీగలకు తగిలింపవలెను. అది పావు ఆంపియరు గ్రహించును. ఇప్పుడు అదే అతుకువద్ద దాదాపు ఒక వోల్టు తగ్గుదల కనబడును. బల్బుకు మీట అమర్చినచో, వెలిగించినపుడును ఆర్పినపుడును అంకెలు పోల్చవచ్చును. రెండు అంకెల భేదమెక్కువైన చోటనే నిరోధమెక్కువ. బల్బు వేడెక్కును గనుక ప్లాస్టిక్‌కు తాకనీయరాదు.

బండి తిరుగుచుండగా అంకెలు ఒక్కసారి పడిపోయి లేచినచో తొందరపడి పట్టాను నిందింపరాదు. బండి చక్రముపైననే మురికి యుండవచ్చును. అదే చోట రెండు మూడు సార్లు నడిపించి చూడవలెను. ప్రతిసారియు అక్కడనే పడిపోయినచో తప్పు పట్టాది. ఎక్కడ పడితే అక్కడ పడిపోయినచో తప్పు చక్రముది.

1990లలో నమూనా రైళ్లకు అంకెల సంకేతములతో నడచు పద్ధతి వ్యాపించెను. అందు పట్టాలపై స్థిరమైన వోల్టేజి ఎల్లప్పుడును ఉండును. కాని దాని దిశ సెకనుకు వేలసార్లు తారుమారగుచుండును. ఆ తారుమారుల నిడివియందే ఏ ఇంజను ఎంత వేగమున పోవలెనో ఆజ్ఞ ఇమిడి యుండును. ఇంటి విద్యుత్తుకై, అనగా సెకనుకు 50 ఆవృత్తులకై చేసిన మామూలు మీటరు ఇచ్చట తప్పు అంకెలు చూపవచ్చును. బ్రిడ్జిగల మన బండికి మాత్రము దిశతో పనిలేదు. త్వరగా పనిచేయు డయోడులు వాడినచో చాలును. ఈ పద్ధతిలో వోల్టేజి తగ్గుట వేగమునే గాక ఆజ్ఞను కూడ చెఱచును. ఇంజను మాట వినకుండ పరుగెత్తుటకు కారణము తఱచుగా ఒక వదులైన అతుకే.

లోపమున్న అతుకు దొరకిన పిమ్మట దానిని శుభ్రపఱచి బిగింపవచ్చును. అంతకంటె మేలైన పని, బల్లక్రింద రెండు లావైన రాగితీగలను దారి పొడవునను నడిపి, ప్రతి మూడు నాలుగు అడుగులకు ఒకచోట సన్నని తీగలతో పట్టాలకు టంకము వేయుట. ట్రాము ఇంజనీర్లు రాగిబంధములతో చేసినది ఇదియే. టంకము చల్లారిన తరువాత బల్బు వెలిగించి బండిని మరల ఒక చుట్టు త్రిప్పవలెను. మొదట 11.8 వోల్టులు చూపిన మీటరు ఎదుటి వంపువద్దను 11.6 చూపినచో ఇంజనును పట్టాపై పెట్టవచ్చును.